వై-కార శాస్త్రం

శాస్త్రాలన్నీ ప్రశ్నతో మొదలవుతాయి. ఇది జవాబుతో మొదలవుతుంది. యూనిక్స్ మిషనులో డిస్కు పాడైనప్పుడు, అది అడిగేవాటికి సరేనంటూ కీబోర్డు మీద 'వై' నొక్కడమే ఇందులోని ప్రతిపాద్య విషయం.

దీని పీఠం సింగపూర్‌లోని వన్-నార్త్. యూనిక్స్ పుట్టింది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కదా, పీఠం ఇక్కడెలాగని పూర్వపక్షం. సమాధానం: సీగేట్ సంస్థ 2015లో ఇక్కడి ఆయర్ రాజా క్రెసెంట్‌లో డిస్కుల డిజైన్ సెంటర్ తెరిచి, తన స్థాపకుల్లో ఒకరైన షుగార్ట్ పేరు పెట్టింది. డిస్కున్న చోట దోషముంటుంది, దోషమున్న చోట ప్రాయశ్చిత్తం ఉండాలి. పైగా యూనిక్స్ ఆరో ఎడిషను వెలువడిన 1975లోనే సింగపూర్ తెలుగు సమాజం కూడా ఏర్పడింది. రెంటికీ సంబంధం లేదు గానీ, ఉండి తీరాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఆది యుగంలో వై లేదు. యూనిక్స్ నడిచే పీడీపీ-11 కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోతే ఆపరేటరు ఐచెక్‌తో బ్లాకుల లెక్క, డీచెక్‌తో డైరెక్టరీల లెక్క చూసుకునేవాడు. అవి ముఖ్యంగా తప్పులు ఏకరువు పెట్టేవి. ఎన్‌చెక్‌తో ఫైలు పేరు కనుక్కుని, సీఎల్ఆర్ఐతో దాని ఐనోడ్‌ను, అంటే ఫైలు వివరాలుండే నంబరు పట్టీని, చెరపడం ఆపరేటరు పూచీ. నంబరు ఒకటి తప్పు కొట్టాడో, పక్కవాడి థీసిస్ కైలాసానికే.

1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన టెడ్ కోవాల్‌స్కీ ఎఫ్ఎస్‌సీకే అనే ప్రోగ్రాం రాసి ఈ గోల అంతా ఒక్క చోటికి తెచ్చాడు. అయిదు అంకాల జమాబందీ అది. ఒకే బ్లాకును రెండు ఫైళ్ళు నాదంటే నాదంటే 'డూప్', ఊరి పొలిమేర దాటిన సర్వే నంబరు లాంటిదైతే 'బ్యాడ్'. జమాబందీలో పంట ఎలా ఉందో ఎవరూ అడగనట్టే, ఫైలు లోపల ఏముందో ఇదీ అడగదు. ఏ డైరెక్టరీలోనూ పేరు దొరకని ఫైళ్ళను లాస్ట్+ఫౌండ్‌లో చేరుస్తుంది, పేరు పోయింది కనుక నంబరు తగిలించి. ఆ రోజుల్లో ఈ అనాథాశ్రమాన్ని ముందే కట్టి ఉంచాలి: డైరెక్టరీ చేసి, అందులోకి కొన్ని ఫైళ్ళు కాపీ చేసి, చెరిపేయాలి. చోటు మిగిలేది. ఒడుదుడుకుల్లో ఉన్న డిస్కు మీద కొత్త చోటు వెతకడం క్షేమం కాదని మన శాస్త్ర తాత్పర్యం. ఇంత దూరదృష్టి మన హాస్టళ్ళలో చూడలేదు.

అసలు ఘట్టం ఇక్కడే. దోషం కనిపించగానే ఎఫ్ఎస్‌సీకే అడుగుతుంది: చెరపమంటావా, కలపమంటావా? అడిగేది ఐనోడ్ నంబరు చూపించి. ఆ నంబరు వెనక పెళ్ళి ఖర్చుల లెక్కుందో, జీతాల పట్టీ ఉందో మానవుడికెలా తెలుస్తుంది? కనుక వై. ఇరవయ్యో ప్రశ్నకు ప్రశ్న చదవడం మానేస్తాడు, వేలు మాత్రం పడుతూనే ఉంటుంది. ఇది గ్రహించే కాబోలు, '-వై' అనే ఐచ్ఛికం కూడా ఇచ్చారు: ప్రశ్నా దానిదే, జవాబూ దానిదే. '-ఎన్' కూడా ఉంది, అన్నిటికీ వద్దనడానికి. దాన్ని వాడేవాళ్ళు విమర్శకులై ఉండాలి.

తర్వాత బర్కిలీ వాళ్ళు '-పి' తెచ్చారు. మిషను లేచేటప్పుడే చిల్లర తప్పులు అడక్కుండా సర్దేసి, పెద్దది తగిలితేనే మనిషిని పిలుస్తుంది. ఆపైన, చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే జర్నలింగ్ వచ్చి, కరెంటు పోయినప్పటి సర్దుబాట్లు మనిషి దాకా రావడమే తగ్గింది.

ఇక మిగిలింది ఒక్క వివాదం. టైపింగు సంప్రదాయం ప్రకారం వై కుడిచేతి చూపుడువేలిది. ఎడమచేత్తో నొక్కినా డిస్కు బాగుపడుతుందనే శాఖ ఒకటుంది. అది వామాచారమని తక్కినవాళ్ళు దాన్ని పంక్తిలో కూర్చోనివ్వరు.