సర్వర్ డౌనా? సార్లు డౌనా?

రేషన్ దుకాణంలో వేలిముద్ర వేస్తే సర్వర్ డౌన్. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్లాట్ దొరికినా సర్వర్ డౌన్. ఇక పరీక్ష ఫలితాల రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. గంట తిరక్కుండా పత్రికా ప్రకటన మాత్రం రెడీ: 'సాంకేతిక కారణాల వల్ల అంతరాయం. చింతిస్తున్నాం.' ఏ సాంకేతిక కారణం? ఎన్నింటికి మొదలైంది? ముందు తెలిసింది మీకా, క్యూలో నిలబడ్డవాళ్లకా? చెప్పరు. చూస్తే కదా చెప్పడానికి!

చూడ్డానికి ఏమీ లేక కాదు. ప్రతి వెబ్ సర్వరూ లాగ్ ఫైలు రాస్తూనే ఉంటుంది. ఎవరు ఏ సెకనులో ఏ పేజీ అడిగారు, మనం ఏం జవాబిచ్చాం, అంతా పూసగుచ్చినట్టు. టెర్మినల్ తెరిచి 'టెయిల్ మైనస్ ఎఫ్' కొట్టి ఫైలు పేరిస్తే చాలు, లైన్లు పడుతున్నవి పడుతున్నట్టే కళ్లముందు దొర్లుతాయి. దాన్ని ఆక్ అనే కమాండ్‌కు పైప్ చేసి తొమ్మిదో ఫీల్డు అడగండి. మామూలు లాగ్ ఫార్మాట్‌లో స్టేటస్ కోడ్ ఉండేది అక్కడే. 502లు వరుస కట్టాయా? వెనకున్న అప్లికేషన్ పడిపోయి ఉంటుంది. 504లా? జవాబివ్వలేక నీలుగుతోంది. లైన్లలో కావాల్సిన మాట వెతికిపెట్టే గ్రెప్ పుట్టింది 1973లో. ఆక్ 1977లో. రెండూ ఉచితం. అదే వాటి పాపం! ఊరికే వచ్చేదానికి టెండరెలా పిలుస్తారు?

అందుకే గోడంత తెర కొంటారు. దాని నిండా పచ్చ దీపాలు. రిబ్బను, శాలువా, ఫొటో. '24 గంటల నిఘా' అని బోర్డు. ఆ దీపం దేన్ని చూసి పచ్చగా వెలుగుతోందో అడిగినవాడున్నాడా? చాలాచోట్ల 'బతికే ఉన్నావా' అని అడగడానికి విడిగా ఒక పేజీ ఉంటుంది. అది 'అంతా సవ్యం' అనే 200 కోడ్ ఇస్తే దీపం పచ్చ. లోపల డేటాబేస్ పాడె ఎక్కినా ఆ పేజీకి పట్టదు. 'క్షమించండి, కాసేపాగి ప్రయత్నించండి' అనే పేజీని కూడా 200 కోడ్‌తోనే పంపే ఘనులున్నారు. క్షమాపణ కూడా విజయం ఖాతాలో జమ!

అన్నింటికన్నా ఘోరం 499. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు సొంతంగా పెట్టుకున్న నంబరిది. చక్రం గిరగిరా తిరుగుతుంటే చూసి చూసి, జవాబు రాకముందే విసుగెత్తి ట్యాబ్ మూసేసినవాడి ఆనవాలు. కానీ అది 4తో మొదలవుతుంది. 4తో మొదలయ్యేవన్నీ అడిగినవాడి పద్దు. 5తో మొదలైతేనే సర్వరు తప్పు. రిపోర్టులో 5లు మాత్రమే లెక్కపెడితే ఏమవుతుంది? ఫీజు కడదామని కూర్చుని, పది నిమిషాలు పడిగాపులు పడి, ఛీ అని లేచిపోయారే మీరు, తప్పు మీదే! సర్వరు నిర్దోషి. కాంట్రాక్టరు బిల్లు పాస్. పైగా మిమ్మల్ని ఎంతసేపు కూర్చోబెట్టారో మామూలు లాగ్‌లో పడదు. ఆ సమయం కూడా రాయమని ఫార్మాట్‌లో విడిగా చెప్పాలి. చెప్పే మహానుభావుడేడీ?

పోనీ, ఒక కుర్రాడు బుద్ధిగా టెయిల్ పెట్టుకుని కూర్చున్నాడనుకుందాం. అర్ధరాత్రి లాగ్‌రొటేట్ వచ్చి పాత ఫైలు పేరు మార్చేసి కొత్తది తెరిపిస్తుంది. స్మాల్ ఎఫ్ పెట్టిన టెయిల్ మాత్రం పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఇక ఒక్క లైనూ కదలదు. క్యాపిటల్ ఎఫ్ కొట్టి ఉంటే కొత్త ఫైలుకు మారేది. ఆ ముక్క వాడికి నేర్పిందెవరు? ముగ్గురి పని నెత్తిన పెట్టారు గానీ! తెల్లారి మీటింగ్‌లో సారు గర్వంగా సెలవిస్తారు: 'రాత్రంతా ఒక్క ఎర్రర్ లేదండీ!'

నిబంధనలు లేవా? భేషుగ్గా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. లాగ్‌లు 180 రోజులు దాచాలి. దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో చెప్పాలి. గమనించిన 6 గంటల్లో! అసలు చదవనివాడు గమనించేదెప్పుడు? కళ్లు మూసుకున్నంతకాలం ఆ గడియారం కదలనే కదలదు. ఎవరో వచ్చి తలుపు తట్టి చెబితే తప్ప.

ఈ జబ్బు మనకొక్కరికే అనుకునేరు. అమెరికాలో ఈక్విఫ్యాక్స్ ఉంది కదా, జనం అప్పుల చిట్టాలు రాసే కంపెనీ. 2017లో దొంగలు దానిలో 76 రోజులు కాపురం పెట్టారు. ట్రాఫిక్‌ను గమనించాల్సిన పరికరం సర్టిఫికెట్ గడువు తీరి, నెలల తరబడి గుడ్డిగా పడి ఉంది. కొత్త సర్టిఫికెట్ పెట్టారో లేదో, తేడా ట్రాఫిక్ కనపడింది. అప్పటికే 14 కోట్ల మందికి పైగా జనం వివరాలు గోవిందా.

మన సార్లూ లాగ్ చదివిస్తారు, కాదనను. అంతా పోయాక. కమిటీ వేసి, ఫోరెన్సిక్ ఆడిట్ అని పేరు పెట్టి. పెద్ద కన్సల్టెంటు దిగుతాడు, ఏసీ గదిలో ల్యాప్‌టాప్ తెరుస్తాడు. మొదట ఏం కొడతాడో తెలుసా? అదే గ్రెప్. కాకపోతే ఈసారి జీఎస్టీ అదనం.