కన్నవాళ్ళను వెతికే బిడ్డలకు అందరూ ఇచ్చే తప్పుడు సలహాలు

"పెంచినవాళ్ళు పోయాక వెతుక్కో." దత్తబిడ్డలకు మన ఇళ్ళల్లో ముందుగా వినిపించే సలహా ఇది. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పెదనాన్నో, అమ్మమ్మో, పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరో అయివుంటారు. పెంచిన తల్లి మనసు నొచ్చుకుంటుందని చెబుతారు. విదేశాల నుంచి వచ్చే దత్తపిల్లలకు పదహారేళ్ళకు పైగా దుబాసీగా తిరుగుతున్నాను. ఈ ఒక్క సలహా వల్ల పోయినన్ని ఆధారాలు మరి దేనివల్లా పోవడం నేను చూడలేదు.

మొదటి కాగితాలు ఉండేది పెంచినవాళ్ళ బీరువాలోనే. కోర్టు ఉత్తర్వు నకలు, శిశుగృహ వాళ్ళు ఇచ్చిన చైల్డ్ స్టడీ రిపోర్టు, టీకాల కార్డు, ఆ రోజు బిడ్డ ఒంటి మీదున్న చొక్కా. పెద్దవాళ్ళు పోయాక ఇల్లు ఖాళీ చేసేవాళ్ళకు అవన్నీ పాత కాగితాలు, పాత గుడ్డలు. కాగితాల మీద ఎక్కని సంగతులు ఇంకా ఎన్నో ఉంటాయి. బిడ్డను చేతికిచ్చింది ఎవరు, ఏ పేరుతో పిలిస్తే తిరిగి చూసేది, ఏ భాషలో ఏడుపు మానేది, ఇవి పెంచిన తల్లికి మాత్రమే గుర్తుంటాయి. ఆమె ఉండగా ఆమె పక్కన కూర్చుని అడగాలి. కృష్ణుడికి ఇద్దరు తల్లులని పాలు తాగే పిల్లలకే కథ చెబుతాం. మన ఇంట్లో పిల్ల అడిగితే మాత్రం ముఖం తిప్పుకుంటాం.

"అయినా తెలిసి ఏం చేస్తావు?" అనేది దీని వెనకే వచ్చే మాట. చేసేది చాలా ఉంది. ఆస్పత్రిలో చేరితే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇంట్లో ఎవరికైనా షుగరుందా, గుండెజబ్బుందా అన్నది ఒకటి. మన ప్రాంతానికే చెందిన ఇంకో సంగతి చెబుతాను. ఆర్యవైశ్యుల్లో కొందరికి పుట్టుకతో వచ్చే ఒక జన్యులోపం ఉంది. ఆపరేషన్‌లో మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు వాళ్ళ ఒంట్లో త్వరగా విరగదు. అది పడితే ఊపిరి తీసే కండరాలు కూడా చాలాసేపు కదలవు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి జన్యు పరిశోధనలోనూ ఈ ప్రస్తావన ఉంది. ఆ సమాజంలో పుట్టిన మనిషి ఈ మాట ఇంట్లోనే విని మత్తు డాక్టరుకు ముందే చెప్పుకోగలడు. ఎక్కడ పుట్టాడో తెలియని దత్తబిడ్డకు ఆ అవకాశం లేదు. కులం తెలుసుకోవడం కోసం కాదు, ప్రాణం కోసం అడుగుతున్నారు.

"ఆఫీసులో ఎవరినైనా పట్టుకో, ఫైలు అదే బయటికొస్తుంది." ఇది ఊరివాళ్ళ సలహా కాదు, కాస్త లోకం తెలిసినవాళ్ళది. ఈ మాట నమ్మి ఏజెంట్ల చేతుల్లో డబ్బు పోసినవాళ్ళను చూశాను. ఒకబ్బాయికి ఏజెంటు తెచ్చిచ్చిన జెరాక్సులో తల్లి పేరు, ఊరు, ఇంటి నంబరు చక్కగా ఉన్నాయి. ఆ ఊళ్ళో ఆ పేరు గలావిడ ఉన్న మాట నిజమే. ఆమె జీవితంలో బిడ్డనే కనలేదు.

నిబంధనలు అంత గజిబిజిగా ఏమీ లేవు. దేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా. రూట్ సెర్చ్ అని వాళ్ళే ఒక పేరు పెట్టి దీనికి దారి చూపారు. 18 ఏళ్ళు నిండినవాళ్ళు సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చు, ఆ లోపు వయసువాళ్ళు పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టాలి. దత్తత ఇచ్చిన సంస్థ, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, రాష్ట్ర దత్తత విభాగం, కారా, విదేశాల్లో ఉంటే అక్కడి భారత దౌత్య కార్యాలయం, వీళ్ళలో ఎవరిని అడిగినా సాయం చేయాల్సిందే. వెతుకులాట మూడో మనిషి చేతికి ఇవ్వడానికి మాత్రం వీల్లేదు. ఏజెంటు అసలు పనికిరాడు. తన వివరాలు గోప్యంగా ఉంచమని బిడ్డను అప్పగించేనాడే కన్నతల్లి కోరివుంటే, ముందు ఆమె రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఆమె ఒప్పుకోకపోయినా, ఆమె జాడే దొరకకపోయినా, ఏ పరిస్థితుల్లో బిడ్డను ఇచ్చారన్న సంగతి దత్తబిడ్డకు చెప్పి తీరాలి. ఈ చివరి మాట చాలామంది అధికారులకు గుర్తుండదు. అర్జీలోనే రాయండి, అడిగి తీసుకోండి. భారతదేశం 2003లో ఆమోదించిన హేగ్ ఒప్పందం 30వ అధికరణం కూడా పుట్టుక వివరాలు, వైద్య చరిత్ర భద్రపరచాలనే చెబుతుంది.

"ఫైలు లేదన్నారు, ఇక వదిలెయ్." వదలొద్దు. దత్తత ఫైలు ఒక చోట ఉండేది కాదు. హిందువులు కాని విదేశీయులు హిందూ దత్తత చట్టం కింద దత్తత తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి, ఒకప్పుడు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఇక్కడి కోర్టులో సంరక్షణ ఉత్తర్వు తీసుకుని, తమ దేశం వెళ్ళి దత్తత పూర్తి చేసుకునేవాళ్ళు. ఆ పిటిషన్‌కు ఓ.పి. నంబరు ఉంటుంది. ఇంట్లో దొరికిన ఏ కాగితం మీదైనా ఆ నంబరు, సంవత్సరం కనిపిస్తే ముందు అవి రాసి పెట్టుకోండి, కోర్టు రికార్డు గదికి దారి అదే. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఇలాంటి పిటిషన్లను కోర్టు ఒక సాంఘిక సంక్షేమ సంస్థకు పంపి పరిశీలన నివేదిక తెప్పించుకోవడం తప్పనిసరైంది. ఆ నివేదిక ప్రతి ఆ సంస్థలోనూ ఉండవచ్చు. విదేశంలో దత్తత జరిపించిన సంస్థ దగ్గర ఇంకో కట్ట ఉంటుంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు ఇస్తున్నది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. ఇటీవలి ఫైళ్ళకు కలెక్టరేట్‌లో అడగాలి. రాష్ట్రం విడిపోక ముందు హైదరాబాద్ సంస్థ నుంచి దత్తతకు వెళ్ళిన కర్నూలు బిడ్డ, శ్రీకాకుళం బిడ్డ హైదరాబాద్‌లోనూ అడగాలి. బిడ్డ పుట్టింది ఇప్పటి ఆంధ్రలో కదా అని విజయవాడలో మాత్రమే వెతికితే దొరకదు.

బంధువుల మధ్య దత్తత సంగతి వేరు. పిల్లలు లేని పెదనాన్న తమ్ముడి కొడుకును తెచ్చుకుంటే కారా ఫైలు ఉండకపోవచ్చు. దత్తత పత్రం రిజిస్టరై ఉంటే రిజిస్ట్రారు ఆఫీసులో, లేకపోతే దత్తహోమం నాటి ఫొటోల్లో వెతకాలి.

"కాగితంలో ఉన్నదే నిజం" అనేవాళ్ళు ఒకవైపు, "అంతా అబద్ధం, చింపెయ్" అనేవాళ్ళు మరోవైపు. ఇద్దరి మాటా వినొద్దు. 1999లోనూ 2001లోనూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో పత్రికలు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. లంబాడా తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బిచ్చి తెచ్చి, కాగితాలు పుట్టించి విదేశాలకు పంపుతున్నారన్న ఆరోపణల మీద పోలీసులు కేసులు పెట్టారు. పసిపిల్లల్ని సంస్థల నుంచి తీసుకొచ్చి ప్రభుత్వ శిశువిహార్‌లో ఉంచారు. ఆ కాలంలో వెళ్ళిన బిడ్డలను అప్పగిస్తూ రాసిన సరెండర్ పత్రాల్లో తల్లి పేరు, వేలిముద్ర, సాక్షి సంతకం, ఏది అసలుదో ఏది కల్పితమో పైకి చూసి చెప్పలేం. అలాగని చింపేయకూడదు. పేరు కల్పించినవాడు తేదీని, బరువును, ఆస్పత్రి చీటీని కూడా కల్పించాడనేం లేదు. పుట్టిన తేదీ పక్కన "అంచనా" అని ఉందా, చేర్చుకున్న నాటి బరువెంత, సాక్షులుగా సంతకం చేసింది ఎవరు, అదే సాక్షి ఇంకో బిడ్డ పత్రం మీదా ఉన్నాడా, ఇవి చూడండి. ఒకే సాక్షి పేరు మూడు నాలుగు ఫైళ్ళలో కనిపిస్తే ఆ మాట వెంటనే అర్జీలో రాయండి.

"డీఎన్ఏ టెస్టు చేయించు, చాలు." ఈ సలహా ఇప్పుడు బాగా నడుస్తోంది. లాలాజలం డబ్బాలో ఉమ్మి పంపితే చుట్టాల జాబితా వస్తుంది. యూరప్ మూలాలున్న దత్తబిడ్డకు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడివాళ్ళు లక్షల్లో చేయించుకున్నారు. ఆ డీఎన్ఏ బ్యాంకుల్లో మనవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళలో ఎక్కువమంది అమెరికాలో స్థిరపడ్డవాళ్ళే. దానికంటే పెద్ద చిక్కు మనింట్లోనే ఉంది. అది మేనరికం. తరతరాలుగా అదే కులంలో పెళ్ళిళ్ళు, మేనమామకు మేనకోడలిని ఇవ్వడం, మేనబావ మేనమరదళ్ళ పెళ్ళిళ్ళు. అందుకని ఒకే కులంవాళ్ళు ఎవరికి ఎవరు ఏమీ కాకపోయినా కొంత డీఎన్ఏ పంచుకుంటారు. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లల మధ్య డీఎన్ఏను కొలిచే లెక్కలో సగటున 850 సెంటీమోర్గాన్ల దాకా కలుస్తుంది, ఆ తర్వాతి తరం కజిన్లకు 230 దాకా. ఈ లెక్కలు మేనరికం లేనివాళ్ళవి. మన దగ్గర 230 కనిపించినంత మాత్రాన ముత్తాత ఒక్కడేనని అర్థం కాదు, ఆరేడు తరాల వెనకటి చుట్టరికాలు చిన్నచిన్న ముక్కలుగా కలిసి ఆ అంకె అయివుండవచ్చు. కాబట్టి మొత్తం ఎంత అని కాదు, అన్నిటికంటే పొడవైన ముక్క ఎంత ఉందని చూడాలి. పొడవైన ముక్కలుంటే చుట్టరికం దగ్గరిది. ముక్కలన్నీ పొట్టివైతే ఆ మనిషికి "మనం బంధువులం" అని రాయకండి. ఒకబ్బాయి అలా రాశాడు. టెక్సాస్‌లో ఉన్న ఆ తెలుగావిడ తన తండ్రి మీదే అనుమానం పెట్టుకుని ఇంట్లో గొడవ పెట్టుకుంది. చివరికి తేలింది ఇద్దరిదీ ఒకే కులమని మాత్రమే.

ఇక నేనే ఇచ్చిన తప్పుడు సలహా. "ఊరి పేరుంది కదా, నేరుగా వెళ్దాం పద." 2009లో ఈ మాట అన్నది నేను.

యూరప్ నుంచి వచ్చిన పిల్ల. ఇరవై దాటి ఉంటాయి. సరెండర్ పత్రంలో తల్లి పేరు, నల్గొండ జిల్లాలో ఒక తండా పేరు ఉన్నాయి. ఉన్నవి నాలుగు రోజులే, అర్జీ పెడితే ఎన్నాళ్ళు పడుతుందోనని నేనే తొందరపెట్టాను. తెల్ల ఇన్నోవాలో పొద్దున పదింటికి తండాలో దిగాం. రెండు నిమిషాల్లో ముప్పై మంది పోగయ్యారు. పేరు చెప్పగానే ఇల్లు చూపించారు. ఆవిడ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది. భర్త, కోడలు, పక్కిళ్ళవాళ్ళు అందరూ గుమ్మంలో నిలబడ్డారు. నేను విషయం చెప్పాను, అందరి ముందూ. ఆవిడ పెనం మీది రొట్టె తిప్పింది. తల ఎత్తకుండా, "నాకలాంటి బిడ్డ లేదు" అంది.

పిల్లకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఏడవలేదు, తల ఊపింది. మేం వెనక్కి తిరిగాక ఆవిడ గొంతు వినబడింది. నన్నే అడిగింది. "ఆ పిల్లకి చెవి చీము తగ్గిందా?"

శిశుగృహ రిపోర్టులో ఆరోగ్యం మామూలు అని మాత్రమే ఉంది. చెవి మాట ఎక్కడా లేదు. పిల్ల ఎడమ చెవికి చిన్నప్పటి నుంచి సరిగా వినబడదు. ఆ ప్రశ్న తర్వాత గుమ్మంలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆ తిరిగిన తలలు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి. తర్వాత రెండుసార్లు కబురు పంపాను. ఆవిడ ఇంట్లో లేదన్నారు, మూడోసారి మళ్ళీ రావద్దన్నారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు. ఇద్దరూ కలిసి కూర్చునే వీలు నా తొందర వల్లే పోయింది.

అర్జీ పెట్టివుంటే దత్తత విషయాలు చూసే ఆఫీసు నుంచి ఒక మహిళా ఉద్యోగిని వేరే పని మీద వచ్చినట్టు వచ్చి, ఆవిడను ఒంటరిగా కలిసి అడిగేది. ఆవిడ ఒప్పుకుంటే నల్గొండ పట్టణంలో ఏ ఆఫీసు గదిలోనో కలిసేవాళ్ళు. ఆరు నెలలు పట్టేదేమో. పట్టనివ్వాల్సింది. వెతకడం బిడ్డ హక్కు, కనబడాలా వద్దా అన్నది తల్లి ఇష్టం. ఫేస్‌బుక్‌లో చిన్ననాటి ఫొటో, ఊరి పేరు, తల్లి పేరు కలిపి పెట్టడం కూడా తెల్ల ఇన్నోవాలో దిగడమే. పేర్లు లేకుండా పెట్టినా ఊరివాళ్ళు పోల్చుకుంటారు.

డబ్బు, బహుమతుల గురించి ఒక్క మాట. మొదటిసారి కలిసినప్పుడు ఏదీ ఇవ్వొద్దు. బిడ్డను అమ్ముకుందని ఒకప్పుడు అన్న ఊరే, ఇప్పుడు ధర తీసుకుందని అంటుంది. మీ ఫొటో ఒకటి ఇవ్వండి, వెనక పేరు రాయకుండా.

చివరగా పెంచిన అమ్మానాన్నలకు ఒక మనవి. మీ బీరువాలో ఆ కవరు ఉందని నాకు తెలుసు. ఈ ఆదివారం బయటికి తీయండి. వెలిసిపోయిన కాగితాలకు జెరాక్సు తీయించండి, టీకాల కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. బిడ్డను తెచ్చిన రోజు గురించి మీకు గుర్తున్నదంతా ఒక తెల్లకాగితం మీద తేదీతో సహా రాసి అందులో ఉంచండి. ఆ కవరు ఎక్కడ ఉందో మీ అమ్మాయికి, మీ అబ్బాయికి మీ నోటితో మీరే చెప్పండి.