సన్నముక్కు

నేను ఉగ్గుగిన్నెను. ఐదు తులాల వెండి. 1947లో తెనాలిలో ఒక కంసాలి నన్ను సాగగొట్టి, అంచున పిచుకముక్కులాంటి మొన తీర్చాడు. మేనమామ పురిటి కానుకగా తెచ్చాడు. ఎవరినైనా "ఉగ్గుపాలతోనే అబ్బింది" అని మెచ్చుకుంటే అందులో నాకూ వాటా ఉందని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు అంత మురిపెం లేదు.

పాప పుట్టిన రోజే నా పని మొదలైంది. తల్లి ముర్రుపాలు పచ్చగా, జిగటగా ఉన్నాయని పిండి పారబోశారు. బదులుగా నాలో ఆముదం చుక్క, తేనె బొట్టు. రోగాలను అడ్డుకునే సత్తువ ఆ పచ్చటి పాలలోనే ఉందనీ, ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదమనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక నాకేం తెలుస్తుంది? పోస్తే పట్టుకోవడం, వంచితే వదలడం, అంతే నా చదువు. ఆర్నెల్లదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదంటున్నారిప్పుడు. ఆ లెక్కన నా మొదటి ఆర్నెల్ల కొలువంతా దండగే.

ఆరో నెల దాటాక అసలు పని. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ అడుగంటే వేళ అది. నాయనమ్మ బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, విసిరి ఉగ్గు కాచేది. మంచి ఉగ్గే. కానీ చిక్కగా కాస్తే నా ముక్కులోంచి దిగదు. అందుకని నీళ్ళు కలిపేవారు. అప్పటికీ దిగకపోతే ఇంకాసిని. ఎనిమిది నెలల బిడ్డ పొట్ట పావు లీటరుకు మించి పట్టదు. అందులో ముప్పాతిక నీళ్ళే అయితే పొట్ట నిండేది గానీ ఒళ్ళు నిండేది కాదు. కాళ్ళమీద వెల్లకిలా వేసుకుని గొంతులో పోస్తుంటే పాప పొలమారేది. పైగా ముక్కు సందులో చిక్కుకున్న పాలు పులిసేవి. పాపకి విరేచనాలైతే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీసేవారు. గూట్లో నేను కిక్కురుమనేదాన్ని కాదు.

పాప బతికింది, పెరిగింది, అత్తారింటికి నన్నూ తీసుకెళ్ళింది. తర్వాత చాలాకాలం బీరువాలో నల్లబడుతూ ఉన్నాను. చెప్పుకునేదేం లేదు.

మళ్ళీ నన్ను బయటికి తీసింది ఆ పాప కోసమే. అప్పటికామె డెబ్బై ఏడేళ్ళ మామ్మ. పళ్ళు ఊడాయి, కట్టుడుపళ్ళు వదులయ్యాయి. "ఈ వయసులో ఇంత జావ చాలదూ?" అన్నారు ఇంట్లో. కోడలు మంచిదే. "అత్తయ్యా, ఇంకొక్క గుక్క" అని బతిమాలేది. గుక్క మాత్రం అదే, నా ముక్కులోంచి దిగేంత పలచన. నోటికి రుచిగా కాస్త ఆవకాయ ఊట. కూర్చోబెట్టే ఓపిక లేక పడుకున్నట్టే పోసేవారు. మళ్ళీ అదే పొలమారడం. కొన్నాళ్ళకే గాజులు మోచేతిదాకా జారాయి. ఒకరోజు స్నానాలగది గడప దగ్గర పడిపోయింది.

చంటివాణ్ణి చంకనేసుకుని మనవరాలు పరిగెత్తుకొచ్చింది. నర్సు. జావగిన్నెలోకి ఒకసారి చూసి లెక్క మొదలెట్టింది. పెద్దవాళ్ళకి కిలో బరువుకు రోజూ కనీసం ఒక గ్రాము మాంసకృత్తులు కావాలిట. మామ్మ 45 కిలోలు, అంటే 45 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. నాలో పోసే జావలో ఎంతుందో అడక్కండి. వయసు మీదపడ్డాక ఆకలి తగ్గుతుంది, దాహం సరిగా తెలియదు, కండ కరుగుతుంది. అందుకే తిన్న ఆ కాస్తలోనే బలం ఉండాలంది.

ఆ పూటనుంచి ఇద్దరినీ నిటారుగా కూర్చోబెట్టి చెంచాతోనే. మామ్మకి చిదిపిన గుడ్డు, పప్పు దండిగా వేసి మెత్తగా ఉడికించిన అన్నం, గడ్డపెరుగు. మునిమనవడికి చెంచా వంచినా జారనంత చిక్కటి రాగి ఉగ్గు, పైన నెయ్యి. వాడి ఉగ్గులో ఉప్పు, పంచదార పడనివ్వలేదు. మామ్మచేత ఆవకాయ ఊట మాన్పించడం మాత్రం ఆ నర్సుకీ చేతకాలేదు, సగానికి తగ్గించి ఊరుకుంది.

నన్ను చూసి, "దీని ముక్కు కడగడానికే కుదరదు" అని చింతపండుతో తోమి దేవుడి గూట్లో పెట్టింది. ఇప్పుడు నాలో తీర్థం పోస్తున్నారు. అది పలచగానే ఉంటుంది.