‘ఏం గాదు తీయ్’ పాలసీ

వరంగల్‌లో చెరువులకు కొదవలేదు గానీ సముద్రం లేదు. 2024 నవంబరులో పూడికతీత కోసం భద్రకాళి చెరువు నీళ్లు కూడా వదిలేశారు. అయినా హనుమకొండలో కొత్తగా పెళ్లయిన జంటకు అండమాన్ సముద్రం అడుగున బొటనవేలు పైకెత్తిన ఫొటో కావాలి. డైవర్ల సైగల్లో ఆ వేలికి ‘నన్ను పైకి తీసుకెళ్లు’ అని అర్థం. ఫొటోకు లైకులు కొట్టే బంధువులకు ఆ సంగతి తెలీదు, దిగినవాళ్లకూ తెలీదు.

బీమా మాటెత్తితే ఇలా స్కూబా డైవింగ్‌కు వెళ్లేవాళ్లు రెండు పార్టీలవుతారు. ఒకటి ‘ఏం గాదు తీయ్ అన్నా’ పార్టీ. కొత్త కారు కొంటే గుడి ముందు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించేది వీళ్లే. 12 మీటర్ల లోతుకు దిగేటప్పుడు మాత్రం నిమ్మకాయ కూడా అక్కర్లేదు.

నా కోపం వాళ్ల మీద కాదు. తమకు బీమా లేదని వాళ్లకు తెలుసు. రెండోది టిక్కు పార్టీ. కాజీపేటలో రైలెక్కడానికి టికెట్ తీస్తూ 45 పైసలకు 10 లక్షల బీమా టిక్కు పెడతారు, విమానం టికెట్‌తో ఇంకో టిక్కు. రైలు ప్రమాదానికి రాసిన బీమా తమతో పాటు పడవెక్కి, నీళ్లలోకి కూడా దిగుతుందని వీళ్ల నమ్మకం. అనుమానమొస్తే ఏజెంటు బాబాయికి ఫోన్.

“స్కూబాకు వర్తిస్తదా బాబాయ్?”

“అన్నీ వర్తిస్తయి రా, నువ్వు ముందుగాల పైసలు కొట్టు.”

ఆ ‘అన్నీ’లో ఏమున్నాయో బాబాయి కూడా చదవలేదు. చదివితే బాగుండేది. ఆరోగ్య బీమాలో కొన్ని మినహాయింపులను నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో రాసిచ్చింది. వాటిలో తొమ్మిదోది సాహస క్రీడల గురించి. పర్వతారోహణ, రాఫ్టింగ్, గుర్రప్పందేల సరసన స్కూబా డైవింగ్ పేరూ ఉంది. అది చూసి గుండె జారిపోయేవాళ్లు వాక్యం మొత్తం చదవరు. ఆ క్రీడలో వృత్తిగా పాల్గొంటేనే ఆ మినహాయింపు. సెలవు పెట్టి ఒక్కసారి మునిగొచ్చే లెక్చరర్‌కు అది అడ్డు రాకూడదు. అంటే అండమాన్‌లో ఆసుపత్రి పాలైతే బీరువాలో మూలుగుతున్న పాత పాలసీయే పనికి రావచ్చు. ప్రమాద బీమా, ప్రయాణ బీమా వేరే. అక్కడ ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా రాసుకుంటుంది. కొన్ని స్కూబాను మొత్తంగా తీసేస్తాయి, కొన్ని లోతుకు హద్దు పెడతాయి, కొన్ని సర్టిఫికెట్ అడుగుతాయి. థాయ్‌లాండ్, మాల్దీవులు వెళ్లేవాళ్లకు ఇంట్లో ఉన్న పాలసీ సాధారణంగా అక్కరకు రాదు. వాళ్లు స్కూబా అని పేరు పెట్టి రాసిన ప్రయాణ బీమా కొనాల్సిందే.

ఇంత గొడవ ఎందుకంటారా? పది మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. కంగారుపడి గబగబా పైకొస్తే అది బుడగలవుతుంది. దానికి ఒత్తిడి పెంచే ప్రత్యేకమైన చాంబర్‌లో వైద్యం చేయాలి, అది ప్రతి ఊళ్లోనూ ఉండదు. అక్కడిదాకా మనిషిని చేర్చడమే పెద్ద ఖర్చు. ఒక్కసారి మునిగినా 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదంటారు డైవింగ్ వైద్యులు. మన ప్యాకేజీల్లో పొద్దున డైవింగ్, సాయంత్రం విమానం!

దిగే ముందు ఇచ్చే ఆరోగ్య పత్రం ఇంకో ప్రహసనం. ఆస్తమా? లేదు. బీపీ? లేదు. గుండె జబ్బు? లేదు. చెవి నొప్పి? లేదు. జేబులో ఇన్‌హేలర్ ఉన్న మనిషి కూడా ఆ కాగితం మీద సంపూర్ణ ఆరోగ్యవంతుడే. రేపు క్లెయిమ్ పెడితే కంపెనీవాళ్లు ఆ కాగితమే తెమ్మంటే ఏం చూపిస్తాడు?

టిక్కు పెట్టబోయే అన్నలకూ అక్కలకూ ఒక మనవి. కంపెనీకి మెయిల్ రాయండి. స్కూబా ఉందా, ఎన్ని మీటర్లదాకా, సర్టిఫికెట్ లేనివాళ్లకూ ఉందా, పడవలోనో హెలికాప్టర్‌లోనో ఆసుపత్రికి తరలిస్తే ఆ ఖర్చు ఎవరిది అని అడగండి. జవాబు రాతలో వచ్చాకే డబ్బు కట్టండి. ఆ తర్వాత కూడా కంపెనీ మొండికేస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడా తెగకపోతే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆ పదవికుంది, ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు.