గబ్బిలాల చందా

మనిషి చెవి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, అదీ కుర్రతనంలో. నలభై దాటాక పైస్థాయి ధ్వనులు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకుంటాయి. వినబడేదానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ శాంపిళ్లుంటే చాలన్న లెక్కతో సీడీ 44.1 దగ్గర ఆగింది. ఇప్పుడు పాటల యాప్‌లు ‘హై-రెస్’ అంటూ చందాకి 192 అమ్ముతున్నాయి. అందులో 96 కిలోహెర్ట్జ్ దాకా పడుతుంది. న్యాయంగా ఆ చందా గబ్బిలాలు కట్టాలి. కడుతున్నది రిటైరైన మా బాబాయి.

బాబాయి ముందు పాట వినడు. ఫోన్ తెర మీద ‘24/192’ (24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్) వెలిగిందా లేదా చూస్తాడు. వెలిగాకే కళ్లు మూసుకుని, ‘ఆ తబలా చూశావట్రా, పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు లేదూ!’ అంటాడు. చెవిలో ఉన్నది బ్లూటూత్ ఇయర్‌బడ్. కుదించకపోతే ఆ పాట సెకనుకు 9,216 కిలోబిట్లు. బ్లూటూత్‌లో ఘనమైన ఎల్‌డాక్ అనే కుదింపు పద్ధతి కూడా 990 దాటదు. మామూలు ఏఏసీ అయితే 256 చుట్టుపక్కలే. అంటే బిట్టు పోకుండా ఇంటిదాకా వచ్చిన పాటను గుమ్మంలో ఫోనే నలగ్గొడుతోంది. 2021లో లాస్‌లెస్ తెచ్చినప్పుడే అది బ్లూటూత్ మీద రాదని ఆపిల్ చెప్పేసింది. అమ్మేవాడికి లేని నమ్మకం కొనేవాడికుంది.

పోనీ, విన్నదేమిటి? 1957 నాటి ‘మాయాబజార్’. మోనో. ఆనాటి గ్రామఫోన్ రికార్డులో 10 కిలోహెర్ట్జ్ పైన పాట పెద్దగా మిగలదు, సూది గరగర తప్ప. ఆ గరగరకి 24 బిట్ల పట్టాభిషేకం!

ఈ హై-రెస్ మతానికి గుళ్లూ లేచాయి, కూలాయి కూడా. గాయకుడు నీల్ యంగ్ తెచ్చిన ‘పోనో’ ప్లేయర్ కోసం 2014లో జనం 62 లక్షల డాలర్లు చందాలిచ్చారు. 2017కి దుకాణం బంద్. ఎమ్‌క్యూఏ అనే ఫార్మాట్ తెచ్చిన సంస్థ 2023లో దివాలా బాట పట్టింది. దాన్ని నెత్తిన పెట్టుకున్న పాటల యాప్ టైడల్ మరుసటేడు దించేసింది.

2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో పేర్లు చెప్పకుండా రెండూ వినిపించారు, హై-రెస్‌ని, దాన్నే సీడీ స్థాయికి దించిందాన్ని. 554 సార్లలో సరిగ్గా చెప్పినవి 276. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. ఇది చెబితే బాబాయి, ‘వాళ్ల చెవులు ఇంకా తయారు కాలేదురా’ అన్నాడు.

96 కిలోబిట్ల పాటలో తాళాల మోత బుస్సుమంటుంది, కాదనను. రికార్డింగు, మిక్సింగు బాగుంటే సీడీ స్థాయిలోనే ప్రాణం లేచొస్తుంది. అవి మాత్రం తెర మీద వెలగవు.

బాబాయికీ ఆ పరీక్షే పెట్టాలనుంది. ఒప్పుకుంటే ఒక చిన్న కిటుకు: మామూలు ఎంపీత్రీ శబ్దం ఒక్క డెసిబెల్ పెంచుతాను. చాలామంది చెవికి గట్టిగా వినబడేదే గొప్పగా వినబడుతుంది. తబలా మళ్లీ పక్కకొచ్చి కూర్చుంటుందని నా పందెం.