సక్సెస్ రేటు ఎంతండీ?

హాస్పిస్ రిసెప్షన్ బల్ల ముందు నిలబడ్డ మనవాడు మొట్టమొదట అడిగే ప్రశ్న: ‘మీ సక్సెస్ రేటు ఎంతండీ?’

తప్పు అతనిది కాదు. ఎల్‌కేజీ సీటు నుంచి ఐఐటీ కోచింగ్ దాకా, మోకాళ్ల ఆపరేషన్ నుంచి సంతాన సాఫల్య కేంద్రం దాకా అన్నిచోట్లా ఇదే అడిగి అలవాటుపడ్డ నోరు. ‘ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అని పెద్దాసుపత్రి చేతులెత్తేశాక, మిగిలిన నాలుగు రోజులూ నొప్పి తెలియకుండా వెళ్లదీసే చోటు ఇది. అయినా గోడల మీద ర్యాంకర్ల ఫొటోలున్నాయేమోనని ఓసారి కలయజూస్తాడు. బల్ల అవతలున్న సిస్టర్ మాత్రం ఏం చెబుతుంది? ‘చేరినవాళ్లలో దాదాపు అందరూ పోతారండీ’ అని నిజం చెబితే, ‘పక్క కాలనీలో ఇంకోటుందట, అక్కడా కనుక్కుందాం’ అని ఆటో ఎక్కేస్తాడు.

అతను కోరుకున్న సక్సెస్ రేటున్న హాస్పిస్‌లు లేకపోలేదు. కాకపోతే కాస్త దూరం, లాస్ ఏంజెలెస్ వెళ్లాలి. అమెరికాలో ఫలానా మనిషికి ఆర్నెల్లకు మించి ఆయుష్షు ఉండకపోవచ్చని ఇద్దరు డాక్టర్లు రాసిస్తే, ప్రభుత్వ బీమా మెడికేర్ రోజుకింత అని లెక్కగట్టి హాస్పిస్‌కు చెల్లిస్తుంది. రోజుకింత అన్నమాట కొందరి చెవిన అమృతంలా పడింది. కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటర్ 2022లో ఇచ్చిన నివేదిక చూస్తే, 2010 నుంచి లాస్ ఏంజెలెస్ కౌంటీలో హాస్పిస్ సంస్థలు 1,500 శాతం పెరిగాయి. చావులు అంతలా పెరిగిన దాఖలా లేదు. ఒకే భవనం చిరునామా మీద హాస్పిస్‌లకూ ఇళ్లకెళ్లి సేవచేసే సంస్థలకూ కలిపి వందకు పైగా లైసెన్సులు! ఒక్క షెడ్డుకు మూడు కాలేజీల బోర్డులు తగిలించి మురిసిపోయే మన విద్యాదాతలు వెళ్లి పాదాభివందనం చేయాల్సిన చోటది. ఇంతకీ ఆ ఆడిటర్ ‘ఇక్కడేదో మోసం ఉంది’ అని అనుమానపడటానికి చూపించిన గుర్తుల్లో ఒకటేమిటంటే, చేరిన రోగుల్లో చాలామంది నిక్షేపంగా బతికి డిశ్చార్జి అయిపోవడం. చావు దరిదాపుల్లో లేనివాణ్ని చావబోతున్నాడని రాసుకుని, నెలల తరబడి బిల్లు వేసుకుని పంపేశారన్నమాట. సక్సెస్ రేటు కావాలన్నారుగా, చిత్తగించండి.

అలాగని అమెరికావాడికి కొలవడం చేతకాదనలేం. మనిషి పోయిన కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లకు ప్రశ్నలపత్రం పంపుతాడు. నొప్పికి సాయం అందిందా? పిలిస్తే పలికారా? మీతో మర్యాదగా మాట్లాడారా? వాటిని బట్టి హాస్పిస్‌లకు చుక్కలు వేసి అందరికీ కనిపించేలా పెడతాడు. ఆఖరి మూడు రోజుల్లో నర్సుగానీ సోషల్ వర్కర్‌గానీ మనిషి దగ్గరికి వచ్చారా లేదా అన్నది కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది. ఆ లెక్క కట్టినవాడెవడో గానీ రాత్రిళ్లు మంచం పక్కన కూర్చున్నవాడే అయ్యుంటాడు.

మనకూ చుక్కలున్నాయి, ఫోన్లో. వాటిని వేసేది మన జనమే కాబట్టి కొలమానాలూ మనవే. ‘సాంబారు బాగుంది, పార్కింగ్ లేదు, మూడు స్టార్లు.’ ‘ఏసీ చల్లగా ఉంది, లిఫ్టు చిన్నది.’ ‘మా మామగారికి సెలైన్ కూడా ఎక్కించలేదు, దయచేసి ఎవరూ వెళ్లకండి, ఒక స్టారు.’ ఈ మూడోది చదివినప్పుడల్లా నాకు ఆ డాక్టర్ మీద గౌరవం పెరుగుతుంది. ఆఖరి రోజుల్లో ఒళ్లు నీటిని తీసుకోలేని స్థితిలో సీసాల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే, అది కాళ్లకూ ఊపిరితిత్తులకూ చేరి ఆయాసం పెంచుతుందని తెలిసి, బంధువుల కళ్లలోని కోపాన్ని భరించి, ఎండిన పెదాలకు తడిగుడ్డ అద్దిన మనిషి ఆయన. ఒక స్టారుతో పోయింది, కాలర్ పట్టుకోలేదు.

అసలు చిక్కేమిటంటే, ఈ వ్యాపారంలో సరుకు వాడినవాడు తిరిగొచ్చి రివ్యూ రాయడు. రాసేది కొడుకు. వాడు మంచం మీద పడుకోలేదు, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు, అదీ శనాదివారాల్లో. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యది ఇంకో తరహా. ‘ఒరేయ్, వీడియో కాల్లో చూశాను, కర్టెన్లు బాగున్నాయి. డబ్బు గురించి ఆలోచించకు, బెస్ట్ ప్యాకేజీ తీసుకో’ అంటాడు. నాన్నకు నిన్న రాత్రి నొప్పి ఎలా ఉందని ఆయనా అడగడు, అడగలేదని తమ్ముడికీ తట్టదు.

వీళ్లకు నాణ్యత తెలియదని మాత్రం అనుకోకండి. అదే నాన్న పోయాక పెద్దకర్మకు వంటవాణ్ని మాట్లాడేటప్పుడు చూడాలి! ముగ్గుర్ని పిలిపిస్తారు. గారెలు పప్పు రుబ్బి వేస్తావా, పిండితోనా? నెయ్యి ఎక్కణ్నుంచి తెస్తావు? పోయిన నెల ఫలానావాళ్లింట్లో అరిసెలు గట్టిపడ్డాయట, అది నువ్వేనా? ఆకుకింతని తేల్చి, కాగితం మీద రాయించుకుని, బయానా ఇస్తారు. ఈ శ్రద్ధలో పావలా వంతు హాస్పిస్ గేటు దగ్గర చూపించినా, పోయినాయన గారెలు లేకుండానే స్వర్గానికి వెళ్లేవాడు.

మరి ఏం అడగాలి? లోపల పనిచేసేవాళ్లు ఒకరి పని ఒకరు ఎలా బేరీజు వేస్తారో గమనిస్తే చాలు. వాళ్లు గోడలు చూడరు, కేస్‌షీటు చూస్తారు. జ్వరం, బీపీ పక్కన నొప్పికి అంకె ఉందా? సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి అని రోగినే అడిగి, మందిచ్చాక మళ్లీ అడిగి రాశారా? రాత్రి రెండింటికి రాసిన అంకె ఉందా, లేక పగటి డ్యూటీలో అన్నీ ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ‘రెండు, రెండు, రెండు’ అని చక్కగా నింపేశారా? అన్ని గళ్లూ అంత అందంగా ఉన్నాయంటే అక్కడ నొప్పి తగ్గలేదు, రాసేవాళ్లకు విసుగు పుట్టింది.

ఇంకో ప్రశ్న కొంచెం మొరటుగా ఉంటుంది. ‘మార్ఫిన్ రాసినప్పుడు విరేచనానికి మందు కూడా రాశారా?’ మార్ఫిన్ మొదలుపెడితే మలబద్ధకం దాదాపు ఖాయం. నొప్పి తగ్గించి కడుపు బిగబట్టి వదిలేసేవాడు సగం వైద్యుడు. అందుకే మంచి పాలియేటివ్ (జబ్బు నయం కాకున్నా బాధ తగ్గించే) డాక్టర్ పొద్దున్నే వచ్చి ‘దైవచింతన చేస్తున్నారా’ అని అడగడు, ‘రెండుకెళ్లారా’ అని అడుగుతాడు. ఆ మాటకు మొహం చిట్లించే బంధువులకు చెప్పేదొకటే. నాలుగు రోజులు కడుపు కదలక అల్లాడే మనిషికి గోడ మీది గీతా శ్లోకం కనబడదు.

వాసన కూడా సాక్ష్యమే. లోపలికి అడుగుపెట్టగానే గుప్పున ఫినాయిల్ కొడితే నేల కడిగారని అర్థం. క్యాన్సర్ పుండు ముదిరి పగిలి కుళ్లినప్పుడు వచ్చే వాసన ఫినాయిల్‌కు లొంగదు. దానికి మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి పుండు మీద చల్లుతారు. అంతే. విరేచనాలకు మనం మింగే చవక మాత్రే అది. ఆ పొడితో మనవడు తాతయ్య దగ్గరికి వచ్చి కూర్చోగలుగుతాడు. ఇది తెలిసిన చోటికి ఇటాలియన్ మార్బుల్ లేకపోయినా నష్టం లేదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెడుతున్నారా, వీపు మీద, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూస్తున్నారా అన్నది దుప్పటి ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. మనం దుప్పటి ఎత్తం. దుప్పటి బ్రాండు చూస్తాం.

ఇక మార్ఫిన్ సంగతి. ఇందులో ప్రైవేటువాళ్లను అని లాభం లేదు, వ్యంగ్యానికి గుత్తాధిపత్యం ప్రభుత్వానిదే. చట్టబద్ధంగా నల్లమందు పండించే అతికొద్ది దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు మీద గసగసాల పంట వేస్తారు, గాజీపూర్, నీమచ్‌లలో సర్కారువారి కర్మాగారాలున్నాయి. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఖరీదైన మందేం కాదు. అయినా 1985లో మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం తెచ్చి, గంజాయి స్మగ్లర్‌నూ గొంతు క్యాన్సర్ రోగినీ ఒకే గాటన కట్టేశాం. ఒక్క సీసా తెప్పించుకోవాలంటే ఇన్ని లైసెన్సులు, అన్ని శాఖలు. ఎందుకొచ్చిన గొడవని ఆసుపత్రులు తెప్పించడమే మానుకున్నాయి. తప్పు తెలుసుకుని 2014లో చట్టం సవరించడానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ గుర్తింపు ఒక్కటి ఉంటే చాలు. చట్టం మారింది గానీ భయం మారలేదు. ఆ భయం డాక్టర్లలో ఉంది, మందుల షాపుల్లో ఉంది, మన ఇళ్లలోనూ ఉంది. ‘మత్తుమందండీ, అలవాటైపోతే?’ అని అడుగుతాడు మేనల్లుడు. మూడు వారాల్లో పోయే మావయ్య నాలుగో వారం నుంచి వ్యసనపరుడై వీధిన పడతాడేమోనని వాడి బెంగ.

కాబట్టి గేటులోకి వెళ్లగానే అడగవలసిన మాట: ‘మీ దగ్గర మార్ఫిన్ ఉందా? ఈ రాత్రికి ఉందా?’ సమాధానంగా యోగా హాలు చూపిస్తే వెనక్కి వచ్చేయండి.

హాస్పిస్‌వాళ్లకూ మనల్ని కొలిచే అవకాశం ఇస్తే ఎన్ని స్టార్లు వేస్తారో! చేర్చేటప్పుడే మన షరతులు మనకుంటాయి. ‘నాన్నకు క్యాన్సరని తెలియదు, గ్యాస్ అని చెప్పాం, మీరూ అదే చెప్పండి. హాస్పిస్ బోర్డు కనబడకుండా వెనక గేటు నుంచి తీసుకొస్తాం.’ ముప్పై ఏళ్లు తహసీల్దారు కచేరీలో పనిచేసి, కాగితం వాసన చూసి ఫోర్జరీ పట్టుకున్న మనిషికి తన ఒంట్లో సంగతి తెలియదని పిల్లల నమ్మకం. ఆయనకు తెలుసు. పిల్లలు బాధపడతారని తెలియనట్టు నటిస్తాడు. ఆ నాటకం మధ్య అసలు మాటలన్నీ మిగిలిపోతాయి. పొలం ఎవరికి, అప్పు ఎవరికి తీర్చాలి, చిన్నకూతురితో మాటలు లేకుండా ఎన్నేళ్లయింది, వెంటిలేటర్ పెట్టాలా వద్దా. మంచి హాస్పిస్‌లో డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుని, ‘మీ ఆరోగ్యం గురించి మీకేం తెలుసండీ?’ అని ముందు ఆయన్నే అడుగుతాడు. చెత్త హాస్పిస్‌లో అందరూ కొడుకుతో కారిడార్‌లో మాట్లాడతారు. వెంటిలేటర్ లాంటి చికిత్స వద్దన్న కోరికను ముందే కాగితం మీద పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, 2023లో మేజిస్ట్రేటు సంతకం అవసరాన్ని తీసేసి నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలంది. స్థలం రిజిస్ట్రేషన్‌కు పొద్దున్నే క్యూలో నిలబడే మనం ఆ కాగితం ఊసెత్తితే మాత్రం ‘శుభమా అని మాట్లాడుకుంటుంటే’ అని నోరు మూయిస్తాం.

2010లో ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ 40 దేశాల్లో మనుషులు ఎంత బాగా పోతున్నారో లెక్కగట్టింది. మనది నలభయ్యో ర్యాంకు. 2015లో 80 దేశాలను కొలిస్తే 67వది. కింద ఇంకా పదముగ్గురున్నారు కాబట్టి అభివృద్ధి సాధించినట్టే. అదే దేశంలో కేరళవాళ్లు 2008లోనే దీనికో విధానం రాసుకుని, పంచాయతీల్నీ ఊళ్లో స్వచ్ఛందంగా వచ్చేవాళ్లనీ కలుపుకుని, నర్సును ఇంటికే పంపిస్తున్నారు. మన దగ్గరా అసలేమీ లేదంటే కళ్లు పోతాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పాలియేటివ్ విభాగం నడుస్తోంది. 2011లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ రోగి దగ్గర డబ్బు తీసుకోదు. డబ్బు తీసుకోకపోవడంతో మనవాళ్లకు దాని మీద కాస్త అనుమానం కూడా. ఫ్రీగా ఇస్తున్నారంటే క్వాలిటీ ఉంటుందంటారా?

ఇవన్నీ ఎందుకు, కాశీకి తీసుకెళ్తే పోలా అనే పెద్దలున్నారు. అక్కడ పోవడానికి వచ్చేవాళ్లు దిగే ముక్తిభవన్‌లో కూడా సాధారణంగా రెండు వారాలే గది ఇస్తారు, ఈలోగా పని తెమలకపోతే ఖాళీ చేయాలి. డాక్టర్ ఉండడు, భజన ఉంటుంది. కనీసం వాళ్లు నొప్పి తగ్గిస్తామని చెప్పి డబ్బు వసూలు చేయరు.

మనిషి పోయిన నెల రోజులకు మంచి హాస్పిస్ నుంచి ఇంటికి ఫోనొస్తుంది, ‘అమ్మ ఎలా ఉన్నారు? అన్నం తింటున్నారా?’ అని. అలా ఫోన్ చేసేచోటు దొరికితే పార్కింగ్ గురించి రివ్యూ రాయకండి.

కానీ పది హాస్పిస్‌లు పోల్చి చూసి ఎంచుకునే సౌభాగ్యం హైదరాబాద్ దాటితే ఎందరికుంది? మారుమూల పల్లెలో ఉన్నవాడికి నాణ్యత సంగతి తర్వాత, ముందు చోటు దొరకడమే కష్టం. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకపని చేయండి. ఈ వారం మీ జిల్లా ఆసుపత్రికి వెళ్లి, పాలియేటివ్ వార్డు ఎక్కడ, అందులో మార్ఫిన్ ఉందా అని అడగండి. లేదంటే మీ ఎమ్మెల్యేని అడగండి. ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు అడుగుతారుగా, పక్కనే ఇదీ అడగండి.