షాకబ్జర్ కవర్లకు మూడు ఆదివారాలు

పాత బుల్లెట్ వెనక షాకబ్జర్ల కవర్లు మార్చమని మెకానిక్‌కి ఇస్తే సాయంత్రానికల్లా మార్చి పంపిస్తాడు. ఇవ్వకండి. మీరే విప్పండి, మూడు ఆదివారాలు తీసుకోండి. ఆ మధ్య రెండు వారాలూ బండి కదలదు. బస్సెక్కండి.

కొందరు కవర్లు పీకేసి, స్ప్రింగుకి ఎర్ర రంగు పూసి తిరుగుతున్నారు. ఆ రేకు గొట్టం అందానికి పెట్టింది కాదు. లోపల స్ప్రింగు మధ్యలో నున్నటి రాడ్డు ఉంటుంది. గుంటూరు పొలాల నల్లరేగడి దానికి అంటుకుని ఎండిందంటే, రాడ్డు దిగినప్పుడల్లా ఆ గరుకు ఆయిల్ సీల్‌ని కొరుకుతుంది. సీల్ పోతే ఆయిలు కారిపోతుంది. ఇక స్ప్రింగు ఊపుని ఆపేదేమీ లేక, గోతిలో పడ్డ బండి ఎగిరెగిరి పడుతుంది. 1940ల్లో చాలా మోటారు సైకిళ్ళకి వెనక చక్రం ఫ్రేముకే బిగించి ఉండేది, వెనకవైపు స్ప్రింగులు సీటు కింద మాత్రమే. అలాంటి రోజుల్లో వెనక షాకబ్జర్లతో వచ్చిన బండి బుల్లెట్. దాని కవరు తీసి పారేయడానికి నాకు చెయ్యి రాదు.

మొదటి ఆదివారం ఎడమది మాత్రమే విప్పండి. రెండూ ఒకేసారి విప్పితే వెనక చక్రం కిందికి జారుతుంది. సెంటర్ స్టాండు వేసి, చక్రం కింద చెక్కముక్క పెట్టండి. శారీ గార్డు అడ్డొస్తే ముందు దాన్ని తీయండి. పైన, కింద నట్లు విప్పి, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే దారానికి గుచ్చండి. రెండు కవర్లూ ఒకే కొలతవే. అయినా లోపల మేకుతో 'ఎ', 'కు' అని గీయండి. ఇన్నేళ్ళు ఎడమ వైపున్నది ఎడమకే వెళ్ళాలి. ఎందుకని మెకానిక్‌లు అడుగుతారు. నాకు అలాగే కావాలి, మీకూ అలాగే కావాలని నా కోరిక.

ఇక్కడ మాత్రం తొందర వద్దు. కవరు రావాలంటే స్ప్రింగుని నొక్కిపట్టాలి. దానికి స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి, విజయవాడ ఆటోనగర్ అంతా తిరిగైనా ఒకటి సంపాదించండి. పద్దెనిమిదేళ్ళ కిందట నేను తాడు కట్టి, తమ్ముణ్ణి ఎక్కి నిలబడి నొక్కమన్నాను. తాడు జారింది. స్ప్రింగుని పట్టి ఉంచే అర్ధచంద్రాల్లాంటి లాక్ ముక్కల్లో ఒకటి ఎగిరి వాడి మోచేతిని చీల్చి, వంటింటి తలుపుకి తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తలుపు సొట్టని నేను పూడ్పించలేదు. కంప్రెసర్ కొక్కేలు రెండు వైపులా ఎదురెదురుగా పట్టించి, రెండు బోల్టులూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. మొహం స్ప్రింగుకి ఎదురుగా పెట్టకండి. పిల్లల్ని గదిలోకి రానివ్వకండి.

లాక్ ముక్కలు తీశాక కవరు దానంతటదే వస్తుంది. తుప్పు తినేసి ఉంటే పాత సామాన్ల కొట్లో ఇంకోటి వెతకండి. పొడవు ఏమాత్రం ఎక్కువైనా గోతిలో పడ్డప్పుడు కవరు అంచు కిందికి వెళ్ళి గుద్దుకుంటుంది. లోపలి వెడల్పు తక్కువైతే స్ప్రింగుకి రాసుకుని కీచుమంటుంది. కొలిచే కొనండి.

కవరు లోపలి వైపు ఎవరికీ కనబడదు. నేను ఎక్కువ సేపు కూర్చునేది అక్కడే. సాండ్ పేపరు చుట్టిన కర్రతో లోపలంతా రుద్ది, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేసి, వారమంతా ఆరనివ్వండి. బయట క్రోమ్ మెరుస్తుంటే దాని మీద సాండ్ పేపరు పెట్టకండి. పలచటి పూత, గీస్తే పోతుంది.

రెండో ఆదివారం ఎడమది బిగించి, కుడిది విప్పండి. సైలెన్సరు ఉన్న వైపు నట్టు మొండికేస్తుంది. ముందురోజు రాత్రే కిరసనాయిలు పోసి ఉంచండి. మూడో ఆదివారం కుడిదీ బిగించి, బండిని సెంటర్ స్టాండు మీంచి దించి, సీటు మీద బరువేసి పదిసార్లు నొక్కి చూడండి. కీచుమంటే మళ్ళీ విప్పండి, నాలుగో ఆదివారం అయినా సరే. కీచు లేకపోతే ఊరు దాటి వెళ్ళి వచ్చి, ఇంజను చల్లారాక నాలుగు నట్లకీ మరోసారి పానా వేసి చూడండి.